తుప్పుబండి తూకమునకేనా?

మన పేటలలో నేడొక వింత వివేకము ప్రబలినది. పెరటిలో పాతబండి యొకటి నిలిచియున్నచో, దానిని తూకమునకు వేసి, వచ్చిన రూకలతో గోడలకు రంగు పూయించుకొనువాడు బుద్ధిమంతుడట. కాదని, దానిని పూనాకో ముంబయికో పంపి, అద్దమువలె మెరయజేయించి, పెండ్లి ఊరేగింపులకు అద్దెకిచ్చువాడు అంతకంటె బుద్ధిమంతుడట. ఈ రెండు తెగల బుద్ధిమంతులతోడను మాకు తగవున్నది. మేము మూడవ పక్షమువారము. బండిని ఇంటివద్దనే, మన చేతులతోనే, మన కార్ఖానా కొట్టములోనే బాగుచేసికొనవలెననియు, అయితే ఒక్క మర విప్పకమునుపే పూర్తి యోచనను కాగితముపై వ్రాసికొనవలెననియు మా వాదము. ఈ రెండవ మాట చెప్పినప్పుడు మాతో ఏకీభవించిన కుర్రవాండ్రు సయితము మొగము చిట్లింతురు. చిట్లింపనిండు.

ఈ వాదము పుట్టిన చోటు అశోక్ చౌకునకు తూర్పుగా నున్న ఒక సందు. అచ్చట ఒక పద్మశాలి ఇంటి పెరటిలో, వేపచెట్టు క్రింద, 1950ల నాటి ఫార్గో పికప్ బండి యొకటి చిరకాలముగా నిలిచియున్నది. తాతగారు కొన్ననాటినుండి అది నూలు బేళ్లను, చుట్టిన బీములను, చద్దరుల కట్టలను మోసి మోసి అలసినది. తాతగారు లేరు. వారి కుమాళ్లు ముగ్గురు. పెద్దాయన తూకమనును, నడిమివాడు అద్దె యనును, చిన్నాయన ఏమియు ననడు. మనుమలిద్దరు: ఒకడు ఐ.టి.ఐ.లో ఫిట్టరు పని నేర్చినవాడు, ఇంకొకడు పూనాలో కంప్యూటరు ఉద్యోగి. వీరిద్దరును బండిని తామే బాగుచేయుదుమని పట్టుపట్టిరి. గుమాస్తా పని మానిన తరువాత వీధివారికి దరఖాస్తులు వ్రాసిపెట్టుట మాకు అలవాటైనందున, బండి కాగితములు చూడుడని మమ్ము పిలిచిరి. కాగితములు చూచితిమి. వాదమును వింటిమి. “ఇనుము ఇనుమే గదా మామా, అది మన బువ్వ పెడతదా?” అని పెద్దాయన అడిగిన ప్రశ్నకు ఆనాడు సభామర్యాదకై ఊరకుంటిమి. నేడు ఈ సంచిక పుటలలో సమాధానము చెప్పుచున్నాము. ఏలయన ఆ ప్రశ్న ఒక్క ఇంటిది కాదు.

అవును, అది బువ్వ పెట్టినది. మన పెద్దలు నిజాము రాజ్యమునుండి, కరీంనగరు, నల్లగొండ, వరంగల్లు, పాలమూరు పల్లెలనుండి, మగ్గపు విద్య తప్ప వేరు మూలధనము లేక ఈ ఊరు చేరిరి. 1877లో పుట్టిన పాత మిల్లు, దాని వెనుక వచ్చిన తక్కిన మిల్లులు కొందరికి కూలి యిచ్చెను. కొందరు ఇంటిలోనే గుంటమగ్గము వేసిరి. పిదప మరమగ్గము వచ్చెను, చీరల స్థానమున జకార్డు చద్దరు వచ్చెను, తువ్వాలు వచ్చెను. నేసినవాని సంగతి అందరును చెప్పుదురు. నేసిన సరకు సందులోనుండి స్టేషనుదాక ఎట్లు పోయెనో ఎవరును చెప్పరు. మొదట నెత్తిమీద పోయెను, తరువాత తోపుడుబండి మీదను టాంగాలోను పోయెను. ఆ పిమ్మట ఇట్టి పికప్ బండ్లును, 1958లో ఏర్పడిన బజాజ్ టెంపో సంస్థవారి మూడుచక్రముల టెంపోలును వచ్చెను. సందు మలుపులో ఇరుక్కొని, తిట్లు తిని, నలుగురు వెనుకనుండి త్రోయగా కదలి, సరకును వేళకు చేర్చిన బండ్లివి. సోలాపురపు చద్దరునకు భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చినదని మనము గర్వించుచున్నాము. గర్వింపదగినదే. కాని చద్దరు తనంతట తాను నడచిపోయి రైలెక్కలేదు గదా!

ఇంతకు ఈ ఫార్గో ఎవరి బిడ్డ? అమెరికాలోని క్రైస్లరు సంస్థవారి బండియని బోనెట్టు మీది బిళ్ల చెప్పును. అది సగము నిజము. వాల్‌చంద్ హీరాచంద్ దోషీ అను పారిశ్రామికుడు 1882లో మన సోలాపురముననే జన్మించెను. ఆయన 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను నెలకొల్పి, క్రైస్లరు వారితో ఒడంబడిక చేసికొని, ముంబయి కుర్లాలోని కార్ఖానాలో 1947నుండి బండ్లను కూర్పించెను. డాడ్జ్, ఫార్గో, డిసోటో అను మూడు పేర్లతో వచ్చిన ట్రక్కులు పేరుబిళ్ల తేడాయే గాని లోపల అన్నదమ్ములే. ఈ వాల్‌చందే 1940లో బెంగుళూరున విమానముల కార్ఖానాకు మూలపురుషుడు. 1941లో మన విశాఖపట్టణమున నౌకానిర్మాణశాలకు పునాది వేయించినదియు ఆయన నడపిన సింధియా సంస్థయే. 1948లో అచ్చటనుండి ‘జల ఉష’ నీటిలోనికి దిగెను. సోలాపురమున పుట్టినవాడు తెలుగు తీరమున ఓడ కట్టించెను. తెలుగునేలనుండి వచ్చినవారు సోలాపురమున ఆయన కార్ఖానా బండిలో చద్దరులు మోసిరి. ఈ ముడిని చూపు ఇనుపముక్క మన పెరటిలో నున్నది. దానిని కిలోకింత యని అమ్ముదుమా?

గుర్తింపు సంగతి వచ్చినది గనుక మా అసలు ఫిర్యాదును ఇచ్చటనే చెప్పుదుము. 2021 జూలైలో కేంద్ర ప్రభుత్వము పురాతన వాహనములకు ప్రత్యేక నిబంధనలు చేసెను. మొదటి రిజిస్ట్రేషను జరిగి ఏబది యేండ్లు దాటి, అసలు రూపు చెడక, పెద్ద మార్పులకు లోనుగాక యున్న బండికి ‘వి.ఎ.’ అను అక్షరములతో వేరు నంబరు వరుస కలదు. క్రొత్త నమోదునకు 20,000 రూపాయల రుసుము, మరల నమోదునకు 5,000. మంచిదే. కాని ఏ బండికి? స్వంతమునకు వాడెడు ద్విచక్ర, చతుశ్చక్ర వాహనములకు మాత్రమే. వర్తకపు బండికి చోటు లేదు. మూడుచక్రముల టెంపో ఆ లెక్కలోనికే రాదు. దొరగారు షికారు తిరిగిన కారు వారసత్వము, దొరగారి గుడ్డ మోసిన బండి పాత ఇనుము! హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున పసుపురంగు రోల్స్‌రాయిస్ సింహాసనపు కారు ఒకటి ప్రదర్శనలో నున్నది. ఆరవ నిజాము కోరి చేయించుకొనెను. అది వచ్చులోగా ఆయన కన్నుమూసెను. పిదప దర్బారు వైభవములకు మాత్రమే అది వాకిలి దాటెను. ఆ కారును కాపాడినవారికి మా నమస్కారము. అందు మాకు ఈర్ష్య లేదు. కాని ఆ నిజాము రాజ్యములో పొట్ట గడవక వచ్చినవారి బండియు ఆ యినుముతోనే చేసినదని మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము. పాత కార్ల ప్రదర్శనలు ఈ దేశమున క్రొత్తవి కావు. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రికవారి ప్రదర్శన 1964నుండి జరుగుచున్నది. అట్టి పందిళ్లలో సంస్థానాధీశుల కార్లను చూడ జనము మూగుదురు. నూలు బేలు మోసిన బండిని చూడ ఎవరు వత్తురు అనకుడు. మనము వత్తుము.

ఇక తూకపు పక్షమువారికి సమాధానము. ఇట్టి పికప్ సుమారు ఒకటిన్నర టన్ను బరువుండును. అందులో కొయ్య, రబ్బరు, అద్దము, తుప్పు పోగా మిగిలిన యినుముపై పాత ఇనుము వర్తకుడు తరుగు తీయును. వచ్చిన సొమ్ము రెండు పండుగలకు చాలదు. ఇది ఊహ కాదు. మగ్గముల విషయమున మనమందరము చూచినదే. మన పేటలలో ఎన్ని మరమగ్గములు తూకమునకు పోలేదు? నేడు మనుమరాలికి బడిలో ‘మా ఇంటి వృత్తి’ అని వ్యాసము వ్రాయుమన్న, పడుగేదో పేకేదో చూపుటకు అచ్చు లేదు, నాడె లేదు. నాడెను చూపుటకు సెల్‌ఫోనులో బొమ్మ వెదకుచున్నారు. ఇనుము పోయిన తరువాత కథ మిగులునని కొందరందురు. మిగలదు. చూపుటకు వస్తువు లేని కథను పిల్లలు రెండుమారులు వినరు.

అయినను న్యాయము చెప్పవలెను. చట్రము పూర్తిగా చివికిపోయి, రెండు పొడవు దూలములును చేతితో త్రుంచిన రాలునట్లున్నచో, ఆ బండిని బాగుచేయుట బ్రతికినవారి ప్రాణములతో ఆడుటయే. అప్పుడు పేరుబిళ్ల, తలుపు, గేరుకడ్డీ దాచుకొని తక్కినది తూకమునకు వేయుడు, మేము అడ్డురాము. కాని పెద్దాయన చట్రమును చూచి మాటలాడలేదు. బండి క్రిందికి వంగి చూడక, వాకిలిలోనుండియే తీర్పు చెప్పెను.

మెరుపు పక్షమువారు మరింత ప్రమాదకరులు. తూకమువాడు బండిని ఒక్కసారి చంపును. మెరుపువాడు దానిని చంపి వేషము వేయును. తుప్పు మీద పుట్టీ, పుట్టీ మీద ఎఱ్ఱరంగు, దాని మీద క్రోము పట్టీలు, లోపల క్రొత్తకాలపు డీజిలు ఇంజను, సీటుకు పులిచర్మపు గుడ్డ! రెండు వానకాలములు గడచునప్పటికి పుట్టీ క్రింది తుప్పు బొబ్బలెక్కి బయటపడును. అంతర్జాతీయ పురాతన వాహన సమాఖ్య అంగీకరించిన ట్యూరిను ప్రణాళిక, ఉన్నదానిని నిలుపుటయే మొదటి కర్తవ్యమనియు, క్రొత్తగా చేసినదానిని క్రొత్తదని తెలియునట్లుంచవలెననియు చెప్పుచున్నది. మన ఇండ్లలో పట్టుచీర చిరిగినచో రఫూ చేయించుదుము. చీరమీద ప్లాస్టిక్కు అంటింపము. ఇనుమునకును అదే నీతి. ఇంక అద్దె మాట: పురాతన వాహనముగా నమోదైనదానిని వ్యాపారమునకు వాడరాదని నిబంధన. నమోదు కానిచో అది మామూలు రవాణా బండియే. దానికి ఫిట్‌నెసు మొదలుగా అన్ని పరీక్షలును తప్పవు. ఇంజను మార్చినచో 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము అడ్డు నిలుచును. నడిమివాని లాభపు లెక్క ఏ పద్దున చూచినను నిలువదు.

ఇప్పుడు మా పక్షపు కుర్రవాండ్రతో తగవు. వీరికి ఉత్సాహము మెండు, ఓపిక తక్కువ. శనివారము రాత్రి స్పానర్లు కొని ఆదివారము ప్రొద్దున బండిని ముక్కలు చేయుదురు. దసరా నాటికి మరలన్నియు ఒకే డబ్బాలో నుండును; ఏ మర ఎచ్చటిదో బ్రహ్మకును తెలియదు. ఆ మీద ఒకనికి పెండ్లి కుదురును, ఒకనికి బదిలీ యగును. విప్పిన బండి విప్పని బండికంటె త్వరగా తూకమునకు పోవును. ఇంటి మరమ్మతులలో సగము చచ్చునది తుప్పు వలన కాదు, తొందర వలన. పడుగు సరిచేయక నాడె విసరువాడుండునా? ఆసుపోసి, పోగులెక్కించి, అచ్చులో పట్టి, అప్పుడు గదా నేత! బండికిని పడుగు అవసరము. అది కాగితముపై వేయవలెను.

మొదటి పద్దు కాగితములది. రిజిస్ట్రేషను పుస్తకము తాతగారి పేరనే యున్నది. వారసుల పేరునకు మార్చుటకు 31వ నంబరు ఫారము కలదు. అన్నదమ్ములు ముగ్గురును సమ్మతి వ్రాసి యీయవలెను. ఈ పని ముందు కావలెను. ఎందుకనగా, బండి బాగైన తరువాతనే వాటాలు జ్ఞప్తికి వచ్చును, ఇది మానవస్వభావము. పుస్తకములోని ఇంజను సంఖ్యను, చట్రపు సంఖ్యను బండిపై చదివి పోల్చి, ఛాయాచిత్రము తీసి భద్రపరుపుడు. తుప్పు గీకుడు ఉత్సాహములో చట్రపు సంఖ్యను గీకివేసినవాడు తన బండిని తానే అనాథను చేసినవాడగును.

పిమ్మట రోగపరీక్ష. ఒక ఆర, ఒక చిన్న సుత్తి, ఒక దీపము, ఒక సుద్దముక్క చాలును. పైతుప్పు గోధుమరంగు పొడివలె నుండి బ్రష్షుకు వచ్చును. దాని క్రింద ఇనుము గట్టిదే. పొరలు పొరలుగా లేచు తుప్పు రెండవరకము. గీకి చూచి మందము కొలువవలెను. ఆర గ్రుచ్చిన లోనికి దిగునది మూడవరకము. అచ్చట కోసి క్రొత్త రేకు వేయుట తప్ప మార్గము లేదు. సోలాపురము వానలు తక్కువగల ఊరగుట మన భాగ్యము. సముద్రతీరపు బండివలె ఇది అంతటను చివుకదు. నీరు నిలిచినచోటనే చివుకును: కాబిను మూలలు, కాళ్లుపెట్టు నేల, పాదపలకలు, మడ్‌గార్డుల లోపలి అంచులు, తలుపుల అడుగు. మన పేట బండ్లకు ఇంకొక రోగము కలదు. ఏండ్ల తరబడి నూలు బేళ్లు మోసినందున తలుపుల లోపల, చట్రపు సందులలో దూది పీచు చేరి గడ్డకట్టి యుండును. అది చెమ్మను పట్టి యుంచును. మొదట ఆ పీచును లాగివేయక ఎంత మందు పూసినను వ్యర్థము. సుద్దతో మూడు రకముల గుర్తులు పెట్టి, నోటుపుస్తకమున బండి బొమ్మ గీసి, చోటుచోటును వ్రాసికొనవలెను. అప్పుడు గాని ఖర్చు అంచనా కట్టుటకు వీలులేదు. వేసిన అంచనాపై మరి సగము చేర్చుకొనుడు. ఈ మాట మా గుమాస్తా జీవితమంతయు ఏ యజమానికిని రుచించినది కాదు. ఏ సంవత్సరమును తప్పినది కాదు.

విప్పునప్పుడు ఛాయాచిత్రము లేక మర విప్పరాదు. ప్రతి మరకును బట్టసంచి, సంచికి చీటి, చీటికి పుస్తకములో వరుస. చద్దరుల కట్టలకు చీటీలు కట్టు విద్య మన ఆడపడుచులకు వెన్నతో పెట్టినది. ఆ పద్దును వారికప్పగించుట మేలు. క్రైస్లరు వారి బండ్లలో ఎడమవైపు చక్రముల మరలు ఎడమచుట్టుగా నుండును. తెలియని బలశాలి వానిని మామూలు వైపు తిప్పి తిప్పి విరుగగొట్టును. వెనుక డ్రమ్ములు మొనదేరిన ఇరుసుపై బిగిసి యుండును. పుల్లరు లేక సుత్తితో కొట్టిన పగులును. బాటరీ ఆరు వోల్టులది. అంతేకాక, అమెరికా నమూనా ప్రకారము దాని ధనధ్రువమును చట్రమునకు కలిపెదరు. నేటి అలవాటున పండ్రెండు వోల్టుల బాటరీని తలక్రిందుగా తగిలించినచో, పాత తీగలకు చుట్టిన గుడ్డ పొగతో వీధివారందరికిని మన పాండిత్యము తెలియును.

పని వరుసలో ఇంజను మొదటిది కాదు. అందరు కుర్రవాండ్రకును మొదట దానిని మ్రోగించవలెనని కోరిక. ఆగుట తెలియని బండిని పరుగెత్తించుట యెందుకు? చట్రము, బ్రేకులు, చక్రములు ముందు. బ్రేకు డ్రమ్ములలోని పాత పట్టీలలో ఆస్‌బెస్టాసు ఉండును. ఆ దుమ్మును గాలికొట్టి ఊదరాదు, తడిపి తుడిచి మూటగట్టవలెను. ఈ బండికి నాలుగు చక్రముల బ్రేకులకును ఒకే మాస్టరు సిలిండరు. ఒకచోట కారిన అన్నియు పోవును. కనుక అందలి రబ్బరు వాషర్లు, గొట్టములు అన్నియు క్రొత్తవే వేయవలెను. ఇచ్చట పొదుపు పనికిరాదు.

పెట్రోలు టాంకును ఏ కారణముననైనను ఇంటిలో వెల్డింగు చేయరాదు. ఇరువది యేండ్లు ఖాళీగా నున్న టాంకులోను ఆవిరి మిగిలి యుండవచ్చును. అది ఒక్క నిప్పురవ్వకై కాచుకొని యుండును. ఇంజను ఆరు సిలిండర్లది, వాల్వులు ప్రక్కన గలది, సాదాది. బిగిసిపోయినచో ప్లగ్గులు తీసి, రంధ్రములలో పలుచని నూనె పోసి, వారము పదిదినములు దానిని దాని మానమున విడిచిపెట్టి, తరువాత హేండిలుతో మెల్లగా కదుపవలెను. బలవంతము చేయరాదు. వాల్వొకటి తెరచుకొనియే అతుక్కొని యుండవచ్చును. మూత విప్పి చూచిన తెలియును. మన ఊరి బోరునీటి సున్నము నీటిదారులలో పేరుకొని యుండును గనుక రేడియేటరును, ఇంజను లోపలి నీటిగదులను కడిగించుట మరువరాదు.

తుప్పు తీయుటకు యంత్రములు కొననక్కరలేదు. చెరకు కార్ఖానాల జిల్లాలో నున్నవారము. పశువుల దాణాకు అమ్మెడు బెల్లపు మడ్డి ఒక పాలు, నీరు తొమ్మిది పాళ్లు కలిపిన తొట్టిలో చిన్న ఇనుప భాగములను రెండుమూడు వారములు నానబెట్టిన తుప్పు వదలును. వాసన మాత్రము వదలదు. తొట్టిని వంటింటికి ఎదురుగా పెట్టువాడు శాంతిని కోరరాదు. అల్యూమినియపు భాగములను అందులో వేయరాదు, తినివేయును. త్వరగా కావలెనన్నచో చాకలిసోడా నీటిలో బాటరీ చార్జరు పద్ధతి కలదు: తుప్పుపట్టిన భాగమునకు ఋణధ్రువము, పనికిరాని ఇనుపముక్కకు ధనధ్రువము. ఆ ముక్క స్టెయిన్‌లెస్ ఉక్కుది కారాదు, నీరు విషమగును. పుట్టు వాయువు మండునది కనుక ఆరుబయటనే చేయవలెను. పాతరంగులో సీసము ఉండుననుకొని, పొడిగా రుద్దక, నీరు చల్లుచు రుద్దవలెను. కాబిను మూలలు కోయుటకు ముందు తలుపు ద్వారమునకు అడ్డకడ్డీలు వెల్డింగు చేసి నిలుపవలెను. లేనిచో కోసిన తరువాత ద్వారము వంకరపోయి తలుపు జన్మలో పడదు.

వెనుక తొట్టి నేల కొయ్యపలకలది, నడుమ ఇనుప పట్టీలు. దీనికి గారేజి యేల? మగ్గపు చట్రములు బిగించిన వడ్రంగులు మన పేటలో ఇంకను ఉన్నారు. బుష్షులు తిరుగబోయుటకు మరమగ్గపు భాగములు చేసెడు లేతు దుకాణములున్నవి. మగ్గపు జాబరు చెవికి, ఏ గేరు పన్ను అరిగినదో శబ్దమువలననే తెలియును. తలుపు అద్దము చదునైనదే. అద్దముల దుకాణమువాడు కోసి యిచ్చును, అయితే పగిలిన చిట్లని పొరల అద్దమే కావలెనని అడుగుడు. దొరకనివి ముంబయి చోర్‌బజారులోనో, ఢిల్లీ మాయాపురిలోనో, ఇంటర్నెట్టులో అమెరికావారివద్దనో దొరకును. ఇంత విద్య సందులో నుండగా బండిని పూనాకు పంపవలెననుట, ఇంట నేతగాండ్రుండగా బజారులో చద్దరు కొనుటవంటిది. నిజమునకు ఈ మరమ్మతు వలన మేము ఆశించు లాభము ఇదియే. మగ్గములు ఆగినకొద్ది ఆ జాబరులు, ఆ వడ్రంగులు ఇండ్ల అరుగులపై ఊరక కూర్చుండుచున్నారు. వారి చేతి విద్య మనుమలకు దిగుటకు ఒక సాకు కావలెను. మగ్గము పేరు చెప్పిన కుర్రవాండ్రు పారిపోవుదురు. బండి యన్నచో పరుగెత్తి వత్తురు.

ఇంటి ఆడవారి అభ్యంతరమును మాత్రము మేము త్రోసివేయము. ఆ పెరటిలోనే అత్తయు కోడలును తునికాకు పరచుకొని బీడీలు చుట్టుదురు. వారి కూలితోనే ఆ ఇంటి దీపము ఎన్నిమారులో వెలిగినది. “బండి బాగుపడుడు సరే గాని, దుమ్ములో మేమెక్కడ కూసుందుము?” అని ఆ తల్లి అడిగిన మాటకు ముగ్గురన్నదమ్ములలో ఎవరును బదులు చెప్పలేదు. యోచనలో దానికి పద్దు వ్రాయవలెను. రుద్దుడు పని, వెల్డింగు, రంగు, అన్నియు ఖాళీ కార్ఖానా కొట్టములోనే జరుగవలెను, పెరడు వారిది. రాత్రి తొమ్మిది దాటిన సుత్తి మ్రోగరాదు. నెలకింత యని నిర్ణయించిన సొమ్మును మించి ఒక్క రూకయు ఇంటి ఖర్చులనుండి తీయరాదు. లెక్క పుస్తకము ఆ కోడలివద్ద ఉండుట యుక్తము. తాళము ఆమెవద్ద నున్నచో స్పానర్లు అప్పునకు రావు.

బాగైన పిదప ఏమి చేయవలెనని అడుగుదురు. ప్రతి శ్రావణ పూర్ణిమకు మన మార్కండేయ స్వామి రథము ఊరేగును. రవాణా కార్యాలయపు అనుమతి చేతికి వచ్చినచో, ఆ రథము వెనుక ఈ బండి, దాని తొట్టిలో ఒక చిన్న చేమగ్గము, మగ్గముపై ఒక ముదుసలి నేతగాడు. ఇంతకంటె ఊరేగింపు మాకు తెలియదు. అనుమతి రానిచో అది కొట్టములోనే నిలుచుగాక; అచ్చటికే పిల్లలను తీసికొనిపోవుదము. భివండిలోను, సూరతులోను ఉన్న మన బంధువుల కార్ఖానాల వెనుకను ఇట్టి బండ్లు వానకు తడియుచునే యుండును. వారికిని ఈ సంచిక పంపుడు.

అనుమతి సంగతికై సంఘము చేయవలసిన పని ఒకటి కలదు. పురాతన వాహనముల నిబంధనలలో సరకుల బండ్లకును, మూడుచక్రముల టెంపోలకును చోటు కల్పింపవలెనని కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వశాఖకు ఒక అర్జీ పంపవలెను. ముసాయిదా మావద్ద సిద్ధముగా నున్నది, ఒకటిన్నర పుట. అట్టి బండి గల ప్రతి కుటుంబమును బండి పేరు, మొదటి రిజిస్ట్రేషను సంవత్సరము, మోసిన సరకు వివరము వ్రాసి సంఘ కార్యాలయములో ఇచ్చినచో అర్జీకి జతపరుపుదుము. 31వ నంబరు ఫారము నింపుట తెలియనివారు సాయంకాలము అయిదు తరువాత మా యింటికి రావచ్చును. రుసుము లేదు, రిజిస్ట్రేషను పుస్తకము అసలుది, తాతగారి మరణ ధ్రువపత్రము, అన్నదమ్ములందరి సంతకములు మాత్రము తప్పక తేవలెను.